అండాలమ్మను నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

ఎముకల డాక్టరుగా చిక్కడపల్లిలో నేను పనిచేసినంత కాలం జనం నా దగ్గరికి రెండింటి కోసం వచ్చేవారు. ఒకటి నొప్పి, రెండోది నా గప్పాలు. ఉన్న సంగతిని కాస్త పొంగించి చెప్పడాన్ని మా హైదరాబాదులో గప్పాలు కొట్టడం అంటారు. ఎక్కువమంది రెండోదాని కోసమే వచ్చేవారని మా ఆవిడ అంటుంది. ఆమె మాట నేనెప్పుడూ కాదనలేదు, అందుకే ఇంతకాలం క్షేమంగా ఉన్నాను. అందరికంటే కొంచెం ముందుగానే పని మానేశాను. నడుము వంచొద్దని ఊరందరికీ చెప్పీ చెప్పీ, చివరికి నా నడుమే వంగనని మొండికేసింది.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలూ, మీ చేతుల్లో గొప్ప గొప్ప యంత్రాలున్నాయి. నేను చెప్పేది తొంభైల నాటి సంగతి. అప్పుడు మా నర్సింగ్ హోములో ఉన్న అతి పెద్ద యంత్రం లిఫ్టు, అదీ నడిచేది కాదు. నడుము విరిగినవాళ్ళను మేడ మీదికి మేమే మోసేవాళ్ళం. ఆ మెట్ల మీద నేను మోసిన బరువంతా ఒకచోట పోస్తే హుస్సేన్ సాగర్ సగం పూడిపోయేది. ఇలాంటి మాటలు వచ్చినప్పుడల్లా సగం తీసేసి చదువుకోండి. రోగి నొప్పి గురించి రాసినచోట మాత్రం ఒక్క ముక్క కూడా తీయకండి.

కూలిన పూస

చేయి విరిగితే వీధి మొత్తానికి తెలుస్తుంది. ఎముకలు గుల్లబారిన మనిషికి వెన్నుపూస విరిగితే ఆ మనిషికే తెలియదు. దానికి లారీ గుద్దనక్కర్లేదు. నిండు బకెట్టు ఎత్తితే చాలు, ఆటో గుంతలో పడితే చాలు. తుమ్మితే పూస విరిగిన పెద్దమనిషి ఒకాయన ముషీరాబాద్ నుంచి వచ్చేవాడు. ఆయన తుమ్మితే పక్క దుకాణం షట్టరు దానంతటదే కిందికి పడేదట, కాబట్టి నాకేమీ ఆశ్చర్యం వేయలేదు.

ఈ విరగడం పుల్ల విరిగినట్టు ఉండదు. టీలో ముంచిన బిస్కట్టులా పూస ముందువైపుకు కుంగుతుంది. చాలామందికి రెండు మూడు నెలల్లో దానంతటదే గట్టిపడుతుంది. మనిషి కాస్త పొట్టి అవుతాడు, వీపు కాస్త గూనిగా మారుతుంది, నొప్పి పోతుంది. డాక్టరుకు మంచి పేరు వస్తుంది.

కొందరికి మాత్రం అతుక్కోదు. పూస లోపల పగులు అలాగే ఉండిపోయి నోరులా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే తెరుచుకుంటుంది. లేచి నిలబడితే పై బరువంతా పడి మూసుకుంటుంది. కీలు ఉండకూడని చోట కీలు పుట్టిందన్నమాట. పడుకున్నంతసేపూ హాయి, లేవబోతే ప్రాణం పోతుంది. మీరు చదివే లావుపాటి పుస్తకాల్లో దీనికి ఒక పేరుంది. మా అశోక్‌నగర్‌లో దీన్ని ‘నాటకం’ అనేవారు.

మా పెద్దాయన, ఖాజా భాయ్ దిండు

నర్సింగ్ హోము మా పెద్దాయనది. హస్తవాసి ఉన్న మంచి సర్జను, కోపిష్ఠి. రోగి మాట ఆయనకు చెవికెక్కేది కాదు. ఫిలిం వచ్చిందంటే మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకు ఎత్తిపట్టి, పెళ్ళిచూపులకు వచ్చినట్టు చూసేవాడు.

“మనిషి అన్నంక ఏదో ఒకటి చెప్తడయ్యా. ఫిలిం అబద్ధం చెప్పదు,” అనేవాడు.

ఆ ఫిలింలు నారాయణగూడలో ఖాజా భాయ్ తీసేవాడు. అంత మర్యాద తెలిసిన ఎక్స్‌రే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇనుప బల్ల చల్లగా ఉంటుందని ఇంటినుంచి బొంత తెచ్చి పరిచాడు. నడుము నొప్పితో వచ్చినవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక బొద్దు దిండు కుట్టించాడు. దాన్ని సరిగ్గా నడుము కింద పెట్టి, “ఆరాంగ పండుకో అమ్మా, మీ ఇల్లే అనుకో,” అనేవాడు. కొందరు అక్కడే నిద్రపోయేవారు. ఒకాయన గురక పెడితే ఫిలిం వణికిపోయి వచ్చింది.

“ఎందుకు భాయ్ ఇంత సేవ?” అని నేనడిగితే, “దర్దుతోని వచ్చినోళ్ళను ఉత్త బల్ల మీద పండవెడితే నాకు పాపం తగుల్తది డాక్టర్ సాబ్,” అన్నాడు.

ఇంతకంటే మంచి మాట ఎవరూ అనలేరు. ఇంతకంటే నష్టం చేసిన దిండు కూడా హైదరాబాదులో లేదు. అది ఎలాగో అండాలమ్మగారి దగ్గరికి వెళితే తెలుస్తుంది.

పప్పుచారు మహారాణి

అశోక్‌నగర్‌లో అండాలమ్మగారు మెస్సు నడిపేవారు. భర్త పోయాక ఇంటి కింది భాగంలో పెట్టుకున్నారు. పైన ఆమె మరిది నర్సింగరావు, అతని కుటుంబం. సర్కారు కొలువుల పరీక్షల కోసం ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలు ఆమె దగ్గర తినేవారు, అందరూ ఆమెను పెద్దమ్మా అనేవారు.

గప్పాల్లో నేను ఎవరికైనా తలవంచానంటే ఆమెకే. మొదటిసారి పరిచయంలోనే నాతో అన్నది: “సార్, నా పప్పుచారు వాసన చూసి ఒక పిల్లగాడు ఎమ్మార్వో అయిండు. తిన్నట్లయితే కలెక్టరే అయితుండె. ఏం జేస్తం, ఆ దినం వానికి ఉపాసం.”

ఒక వేసవి పొద్దున అన్నం ఉడికిన పెద్ద బగోనా గిన్నె ఎత్తి గంజి వంచుతుంటే నడుములో ఏదో ‘టక్’మన్నది. కూలబడిపోయారు. మా పెద్దాయన ఫిలిం తీయించి, నడుము పైభాగంలో ఒక పూస కుంగిందని చెప్పి, బెల్టు, కాల్షియం, విశ్రాంతి రాశాడు. అంతవరకూ అంతా సవ్యమే. మెస్సు కొన్నాళ్ళు మూసేశారు. పిల్లలు పక్క సందులో తిని సన్నబడ్డారు.

వానాకాలం వచ్చింది. పూస అతుక్కునే గడువు ఎప్పుడో దాటిపోయింది. అండాలమ్మగారు మాత్రం మంచం మీదే ఉన్నారు. మళ్ళీ ఫిలిం తీయించారు. ఖాజా భాయ్ బొంత, బొద్దు దిండు, మర్యాద, అన్నీ జరిగాయి. ఫిలింలో పూస ఎత్తుగా, నిండుగా, చూడముచ్చటగా వచ్చింది. మధ్యలో ఒక సన్నటి నల్ల గీత మాత్రం ఉంది.

“ఈ గీతేంటి సార్?” అని అడిగాను.

“కడుపుల గాలయ్యా. పేగుల నీడ పడ్డది. మెస్సుల దినాం పప్పేనాయె,” అని పెద్దాయన గ్యాస్ మాత్రలు రాశాడు. వెన్నుపూస విరిగిన మనిషి ఆ నెలంతా గ్యాస్ మాత్రలు మింగింది. పూసలో పగులుకు తేన్పులు రాలేదు.

గ్యాస్ బండి పరీక్ష

నర్సింగరావు చెడ్డవాడు కాడు. అది ముందే చెప్పాలి. వదిన ఇన్నేళ్ళు కష్టపడి విసిగిపోయిందని, మెస్సు ఎత్తేస్తానని నోరు తెరిచి చెప్పలేక మంచం ఎక్కిందని అతను నిజంగానే నమ్మాడు. పడుకున్నప్పుడు చూస్తే ఆమె నవ్వుతుంది, ఇరుగుపొరుగుకు కథలు చెబుతుంది. లెమ్మంటే కేక పెడుతుంది. దీన్ని ఎవరైనా ఏమనుకుంటారు?

అతనొక పరీక్ష పెట్టాడు. ఆ రోజుల్లో గ్యాస్ సిలిండరు కోసం ఎదురుచూపులు ఎలా ఉండేవో మీకు తెలియదు. బండి సందులోకి వస్తే పెళ్ళికూతురు కూడా పీటల మీద నుంచి లేచి పరుగెత్తేది. ఒక మధ్యాహ్నం అతను వాకిట్లో నిలబడి, “వదినా, గ్యాస్ బండి! పోతాంది, పోతాంది!” అని అరిచాడు.

అండాలమ్మగారు నిజంగానే లేవబోయారు. సగం లేచి, కేక పెట్టి, గోడ పట్టుకుని కిందికి జారిపోయారు.

ఈ కథను నర్సింగరావే మా పెద్దాయనకు చెప్పాడు, ఆమె ముందే. ఆమెను కుర్చీలో మోసుకుని తెచ్చారు ఆ రోజు.

“గ్యాస్ బండికే లేవలేదంటే ఆమెకు మెస్సు మీద మనసు లేనట్లే, ఇగ ఏం జెప్పాలె సార్? మా వదిన మాటల సంగతి అశోక్‌నగర్ల ఎవర్నడిగినా చెప్తరు. ఆకాశంల మబ్బు కనవడితే వరదొచ్చిందంటది. నేను కోప్పడ్తలేను. ఆమెకు చేతగాకుంటే బందు పెట్టుకుందాం. జిరాక్సు షాపాయన ఆ రూము కిరాయికి అడుగుతుండు. దసరాకు ఇస్తనన్న.”

పెద్దాయన ఫిలిం మరోసారి ఎత్తి చూశాడు. “పూస మంచిగ నిలబడ్డది అండాలమ్మా. ఇప్పుడు మనసును నిలబెట్టుకోవాలె.”

అంత మాటకారి మనిషి చేతిసంచీ కాడలు మెలిపెడుతూ కూర్చున్నది. చివరికి నావైపు తిరిగి మెల్లగా అన్నది: “మెస్సు పోతే నేనేం జేయాలె సార్? పైకి పోయి మరిది ఇంట్ల చుట్టం లెక్క కూసోవాల్నా?”

అది ఆమె పెంచి చెప్పిన మాట కాదు.

పెరగని కథ

ఆ తర్వాత సాయంత్రాలు ఇంటికి వెళుతూ ఆమెను చూసి పోయేవాణ్ణి. దయతో కాదు, మంచి శ్రోత దొరికిందని. బెల్టు విప్పేయకుండా ఉండడానికి రోగులకు నేను చెప్పే కథ ఒకటుంది. ముషీరాబాద్‌లో ఒక పహిల్వాన్ ఈ బెల్టు పెట్టుకునే నిద్రపోయాడు, దొంగ వచ్చి నడుం మీద గుద్దాడు, దొంగ చేయి విరిగి మా దగ్గరే కట్టు కట్టించుకున్నాడు. ఇదీ కథ. ఆమెకూ చెప్పాను.

వారం తిరక్కుండా ఆ కథను పక్కింటావిడకు ఆమె చెబుతుంటే విన్నాను. దొంగలు ఇద్దరయ్యారు. మరో వారానికి వాళ్ళతో ఒక కుక్క కూడా వచ్చింది. ఇంకోసారి విన్నప్పుడు ఆ దొంగ బుద్ధి తెచ్చుకుని బాగ్ లింగంపల్లిలో కొబ్బరికాయల దుకాణం పెట్టాడు, నెలవారీగా ఆమె మెస్సులోనే తింటున్నాడు. నా కథ నాకే గుర్తుపట్టరాకుండా పోయింది. ఆమె ముందు నేను ఎంత చిన్నవాణ్ణో అర్థమైంది.

ప్రతిసారీ లేచే ముందు నొప్పి సంగతి అడిగేవాణ్ణి. ప్రతిసారీ ఆమె ఇలాగే చెప్పేది:

“లేవబోతే లోపల కిటికీ తలుపు కొట్టుకున్నట్లు అయితది. నిలవడి జర సేపు గోడ పట్టుకుంటే తగ్గుతది. పండుకుంటే ఏం లేదు.”

ఒకరోజు ఆ మాట విని గడప దాటుతూ ఆగిపోయాను. పోయినసారీ ఇదే కిటికీ తలుపు. అంతకుముందూ ఇదే. గప్పాలు కొట్టేవాడికి ఒక సంగతి బాగా తెలుసు: కల్పించిన మాట ఊరికే ఉండదు. చెప్పిన ప్రతిసారీ ఒక కొమ్మ వేస్తుంది. నాటకమే అయితే ఈ మహాతల్లి చేతిలో ఆ నొప్పి ఈపాటికి పిడుగై, రైలింజనై, ఊరంతా తిరిగి వచ్చేది. మబ్బును వరద చేసే మనిషి, తన నొప్పిని మాత్రం కిటికీ తలుపు దగ్గరే ఉంచింది. పైగా పడుకుంటే ఏమీ లేదని తానే చెబుతోంది. నాటకం ఆడేవాళ్ళెవరూ తమకు నొప్పి లేని వేళ చెప్పరు.

అప్పుడు తట్టింది నాకు. ఆమెకు నొప్పి నిలబడేటప్పుడు వస్తోంది. మేము ఫిలిం తీసింది ఆమె పడుకున్నప్పుడు.

నిలబెట్టాం

పెద్దాయన వినలేదు. “నిలవడలేనామెను నిలవెట్టి ఎక్స్‌రే తీస్తవా? పడితే ఎవరు జవాబు చెప్పాలె?”

“నేను పట్టుకుంట సార్.”

“ఫిలిం సాఫ్‌గ ఉందికదయ్యా!”

“పండుకున్నామె పూస సాఫ్‌గ ఉంది సార్. నిలవడ్డామె పూసను మనం చూడనేలేదు.”

కాసేపు నన్ను ఎగాదిగా చూసి, “పో. నిలవెట్టి ఒకటి తీయ్, దిండు పెట్టి ఒకటి తీయ్. రెండు ఒక్క లెక్కనే వస్తే మాత్రం నెలరోజులు నీ కథలు బందు,” అన్నాడు. నాకు అంతకంటే పెద్ద శిక్ష లేదని ఆయనకు తెలుసు.

ఖాజా భాయ్ అయితే ఏడ్చినంత పని చేశాడు. “ఏంది డాక్టర్ సాబ్ గీ జుల్మ్! అమ్మను నిలవెడ్తరా?” నర్సింగరావు ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాం. లేపుతుంటే ఆమె పట్టు ఎలా బిగిసిందో నర్సింగరావు చేతికి తెలిసింది. అతని ముఖం మారడం అక్కడే చూశాను. ఫిలిం తర్వాతి సంగతి.

రెండు ఫిలింలూ తడి ఆరకముందే నర్సింగ్ హోముకు తెస్తే పెద్దాయన కిటికీకి పక్కపక్కన ఆనించాడు. దిండు మీద తీసినదానిలో నడుము పైకి లేచి, పూస విచ్చుకుని నిండుగా ఉంది, మధ్యలో ఆ నల్ల గీత నోరు తెరిచి ఉంది. నిలబెట్టి తీసినదానిలో గీత మాయం. పూస అప్పడంలా అణిగిపోయి ఉంది. ఒకే మనిషి, ఒకే పూస, ఒకే పొద్దు.

గాలి కడుపులోది కాదు. విరిగిన పూస లోపలిది. అతకని పగులు తెరుచుకున్నప్పుడు లోపల చేరిన గాలి.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి, “ఫిలిం అబద్ధం చెప్పలేదయ్యా. మనమే దాన్ని పండవెట్టి అడిగినం,” అన్నాడు. ఆయన గొప్పతనం ఏమిటంటే వెంటనే బయటికి వెళ్ళి, అందరూ వినేలా అండాలమ్మగారితో, “మీరు చెప్పిందే నిజం. మీ ఎముక అతకలేదు,” అన్నాడు. అలాంటి బాసు దొరికితే వదులుకోకండి. తిట్లు ఎన్నయినా పడండి.

ఆమె కళ్ళు తుడుచుకుని మరిదిని పిలిచింది. “నర్సిగా, గ్యాస్ బండి వచ్చిందా?”

“రాలేదు వదినా,” అన్నాడతను తలవంచుకుని.

“వచ్చినప్పుడు నువ్వే పోయి తేవాలె. ఇగ జిందగీ మొత్తం.”

అతకనివాళ్ళూ ఉంటారు

ఇక్కడ కాసేపు గప్పాలు ఆపుతాను. అతకని పూసకు ఇప్పుడు మీరు సూదితో సిమెంటు ఎక్కిస్తున్నారు. అప్పటికి అది మా సందుల దాకా రాలేదు. ఆపరేషన్ చేద్దామంటే గుల్ల ఎముకలో స్క్రూ బిగించడం తడి మట్టిగోడకు మేకు కొట్టడమే. అడిక్‌మెట్ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చేవారు. ఆయన పూస వెనక్కి నొక్కుకుపోయి కాళ్ళు బలహీనపడ్డాయి. పెద్దాసుపత్రికి పంపాం, ఆపరేషన్ చేశారు, కాళ్ళు పూర్తిగా తిరిగి రాలేదు. మేము ముందే నిలబెట్టి చూసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఎముకలు గుల్లబారిన మనిషి నెలలు గడిచినా లేచేటప్పుడు కేక పెడితే, కాళ్ళు పరీక్షించండి, నిలబెట్టి ఒక ఫిలిం, పడుకోబెట్టి ఒక ఫిలిం తీయండి. మనసు మీదికి నెట్టేయడం అన్నిటికంటే ఆఖరున చేయాల్సిన పని. మన వృత్తిలో చాలామంది దాన్ని మొదట చేస్తారు, ఎందుకంటే అది అన్నిటికంటే సులువు.

పిండికట్టు చొక్కా

అండాలమ్మగారి కాళ్ళలో బలం ఉంది. పెద్దాయన ఆమెను కొంచెం వెనక్కి వాల్చి, పగులు మళ్ళీ మూసుకుని నలగకుండా, ఛాతీ నుంచి నడుము దాకా పిండికట్టు చొక్కా వేశాడు. అతుకుతుందని హామీ ఇవ్వలేదు. “మీ ఎముక ఇష్టం, మీ ఓపిక ఇష్టం,” అన్నాడు.

ఆ చొక్కాలో ఆమె పడ్డ దురద గురించి వేరే పుస్తకం రాయవచ్చు. స్వెటర్లు అల్లే సూది ఒకటి చొక్కా లోపలికి దూర్చి వీపు గోక్కుంటూ, “కోటల ఉన్న రాణిని సార్, కానీ కోటల చీమలున్నయి,” అనేది. దసరా వచ్చింది, పోయింది. జిరాక్సు షాపాయన రూము ఏమైందని అడిగితే నర్సింగరావు, “పేషంటు ఉంది, లొల్లి జేయకు,” అని పంపేశాడు.

చలికాలం చివర చొక్కా కోసి తీశాం. మళ్ళీ నిలబెట్టి ఒకటి, దిండు పెట్టి ఒకటి. ఈసారి రెండు ఫిలింలూ ఒకేలా ఉన్నాయి. పూస పొట్టిగానే ఉండిపోయింది కానీ నల్ల గీత లేదు, ముందువైపు కొత్త ఎముక వంతెన కట్టింది. ఆమె కుర్చీలోంచి తానే లేచి నిలబడింది. వీపు కొంచెం వంగింది. కేక లేదు. ఖాజా భాయ్ మిఠాయి తెప్పించాడు.

అంతా నవ్వుతున్నప్పుడు పెద్దాయన అసలు మాట చెప్పాడు. “ఇగ కిందికి వంగొద్దు. బరువు ఎత్తొద్దు. వంగితే పక్క పూస కూలుతది.”

ఆమె నవ్వు ఆగిపోయింది. మెస్సు పొయ్యిలన్నీ నేల మీదే ఉన్నాయి. అంతంత బగోనాలు నేల మీదే ఉడుకుతాయి. “వంగకుంట మెస్సెట్ల నడుస్తది సార్? ఎముక అతికింది గని నా పని పాయె గద.”

నర్సింగరావు ఆమెను జాగ్రత్తగా పట్టుకుని ఆటో ఎక్కించాడు.

కొన్నాళ్ళకు ఆ సందులోకి వెళితే మెస్సులోంచి దుమ్ము లేస్తోంది, సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. జిరాక్సు షాపు కోసం గోడ పగలగొడుతున్నారేమో అనుకున్నాను. లోపలికి తొంగిచూశాను. నేల పొయ్యిలు పెకలించేసి, గోడ పొడవునా ఇటుకలతో గట్టు కడుతున్నారు. బగోనాల్లోంచి గంజి తనంతట తానే పోయేలా కింద గొట్టం పెట్టిస్తున్నాడు నర్సింగరావు. పక్కనే వదిన గంటె పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది, కొత్త గట్టుకు తానే కొలత అయినట్టు. మేస్త్రీ సుత్తి దించి, ఎంత ఎత్తు దాకా లేపాలని అడిగాడు.

నర్సింగరావు వదిన వైపు తిరిగాడు. “చెప్పు వదినా. ఈసారి నువ్వెంత చెప్తే అంత. నేను ఒక్క ఇంచు తగ్గియ్య.”

అండాలమ్మగారు గంటెను తన నడుము దగ్గర అడ్డంగా పెట్టి చూపించింది. “ఇక్కడిదాక. ఇంకో ఇటుక పెట్టినా నాకు అందది.”